పొయ్యి కన్నా ముందు పెల్లెట్‌ను చూడాలి

డిసెంబర్ రెండో వారం దాటిందంటే తిర్యాణి, సిర్పూర్ (యు), భీంపూర్, బేల లాంటి మండలాల పేర్లు పేపర్లో మొదటి పేజీకి ఎక్కుతాయి. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు జారడం అక్కడ ఏటా మామూలే. చలి ముదిరిన ఏడు ఐదారు డిగ్రీలకూ దిగుతుంది. వరంగల్, హనుమకొండల్లో అంత ఉండదు కానీ తెల్లవారుజామున పన్నెండు, పదమూడు డిగ్రీలు పలికే రోజులు కొన్ని వస్తాయి. ఈ చలిని ఇక్కడి జనం గొంగడి కప్పుకొని, వాకిట్లో చలిమంట వేసుకొని, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు పోసుకొని గడుపుతూ వచ్చారు.

ఈమధ్య దీనికి కొత్త జవాబుగా పెల్లెట్ స్టవ్ పేరు వినిపిస్తోంది. రంపపు పొట్టును, పంట వ్యర్థాలను గట్టిగా నొక్కి గింజల్లా చేసిన ఇంధనమే పెల్లెట్, దాన్ని కాల్చే పొయ్యి ఇది. అద్దం తలుపు వెనక ఎర్రటి మంట, పొగ జాడ లేని గది, రిమోట్‌తో తగ్గించి పెంచుకునే వేడి... వీడియోల్లో చూసినవాళ్లకు ముచ్చటేస్తుంది. ఇక్కడ దొరుకుతుందా, ఎవరి దగ్గర కొంటే మోసపోకుండా ఉంటాం అన్న ప్రశ్నలు వెంటనే పుడతాయి. వాటికి జవాబు, ఆ పొయ్యి దేనికోసం అన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. గది వెచ్చబడడానికైతే ఒక లెక్క. స్నానాల నీళ్లకు, వంటకు అయితే ఇంకో లెక్క. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

చలి దేశపు యంత్రం

పెల్లెట్ స్టవ్ పుట్టిన చోటు వేరు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇళ్లను వెచ్చబెట్టే చమురు ధర భగ్గుమంది. అక్కడి వాయవ్య రాష్ట్రాల్లో కోత మిల్లుల పక్కన రంపపు పొట్టు గుట్టలుగా పడి ఉండేది. ఆ పొట్టును గట్టిగా నొక్కి గింజల్లా చేసి కాల్చే ఇంటి పొయ్యిలు 1980ల మొదట్లో వచ్చాయి. తర్వాత యూరప్‌లో, ముఖ్యంగా ఇటలీలో, ఇవి లక్షల ఇళ్లకు చేరాయి.

పని చేసే తీరు చూస్తే తెలివైన యంత్రమే. పైనున్న డబ్బాలో పదిహేను, ఇరవై కిలోల పెల్లెట్లు పోస్తారు. మోటారుతో తిరిగే స్క్రూ వాటిని కొద్దికొద్దిగా మంట గిన్నెలోకి తోస్తుంది. కరెంటు కడ్డీ ఎర్రబడి వాటిని అంటిస్తుంది. ఒక ఫ్యాను మంటకు గాలి అందిస్తూ పొగను సన్నటి గొట్టం గుండా ఇంటి బయటికి పంపుతుంది, రెండోది వేడి గాలిని గదిలోకి వదులుతుంది. ఇంధనంలోని వేడిలో 80 నుంచి 90 శాతం దాకా గదికి చేరుతుంది. ఆరు కిలోవాట్ల స్టవ్ గంటకు సుమారు కిలోన్నర పెల్లెట్లు తింటుంది. ఫ్యాన్లూ స్క్రూ అన్నీ కరెంటు మీదే నడుస్తాయి కాబట్టి, కరెంటు పోతే పొయ్యీ ఆగుతుంది.

ఈ యంత్రానికి అలవాటైన ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచిస్తే మన ఇంటితో పొత్తు కుదరదని తెలిసిపోతుంది. అక్కడ గోడల మధ్య, పైకప్పు కింద వేడిని ఆపే పొర ఉంటుంది. కిటికీలు రెండు అద్దాలతో బిగుసుకొని ఉంటాయి. చలి నాలుగైదు నెలలు పగలూ రాత్రీ విడవదు. మన దగ్గర వెంటిలేటర్లు తెరిచే ఉంటాయి, తలుపు కింద వేలు దూరే సందు ఉంటుంది, పెంకుటిల్లైతే కప్పు నుంచే గాలి ఆడుతుంది. జనవరిలోనూ మధ్యాహ్నానికి ఎండ ఇరవై ఎనిమిది డిగ్రీలకు చేరుతుంది. చలి కష్టమంతా రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా, అదీ నలభై యాభై రోజులు.

ఆ నలభై రోజులకు కరెంటు హీటరు పెట్టుకుంటే ఎంతవుతుందో చూద్దాం. రెండు కిలోవాట్ల హీటరు ఆగకుండా ఆరు గంటలు నడిస్తే 12 యూనిట్లు. నలభై రాత్రులకు 480. యూనిట్‌కు రూ.8 చొప్పున వేసినా రూ.3,840 అవుతుంది, అదీ సీజన్ మొత్తానికి. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తున్న ఇంట్లో ఇంకో చిక్కుంది. వాడకం 200 యూనిట్లు దాటిన నెలలో ఆ సౌకర్యం పోయి బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది. ఆ నష్టాన్ని కలుపుకున్నా, విదేశం నుంచి దిగుమతయ్యే స్టవ్ ధరలో వడ్డీ కూడా కాదు ఇది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి పెల్లెట్‌లోనే ఉంది. యూరప్ స్టవ్‌లు తొక్క తీసిన కలప పొట్టుతో చేసిన, 6 మిల్లీమీటర్ల మందమున్న పెల్లెట్ల కోసం తయారైనవి. అక్కడి మేలు రకానికి బూడిద 0.7 శాతం దాటకూడదు. అంటే వంద కిలోలు కాలిస్తే మిగిలేది ముప్పావు కిలో లోపే. తెలంగాణలో దొరికేవి ఎక్కువగా పత్తికట్టె, వడ్ల ఊక, పల్లికాయ పొట్టు, రంపపు పొట్టు కలిపి చేసినవి. ఊక ఎక్కువున్న పెల్లెట్ వంద కిలోలు కాలిస్తే పదిహేను కిలోలకు పైనే బూడిద పడుతుంది. అరచేయంత మంట గిన్నె గంటలోపే నిండిపోయి, గాలి రంధ్రాలు మూసుకుపోయి, మంట చచ్చిపోతుంది. అప్పుడు డీలర్ పెల్లెట్ బాగాలేదంటాడు, పెల్లెట్ అమ్మినవాడు పొయ్యి బాగాలేదంటాడు.

అందుకే వరంగల్ ఊళ్లో గది వెచ్చదనం కోసమని పెల్లెట్ స్టవ్ అంటగట్టే డీలర్‌ను మొదటి మాటలోనే అనుమానించాలి. కిటికీల సందులు మూసి, వెంటిలేటర్‌కు కాస్త తెర కట్టి, మంచి రగ్గు కొనుక్కోవడం అంతకన్నా మేలు. పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో నూనె నింపిన కరెంటు రేడియేటర్ సరిపోతుంది.

వేడి నిజంగా అవసరమైన చోటు

అయితే పెల్లెట్‌ను ఇక్కడితో కొట్టిపారేయడం తప్పు. ఉత్తర తెలంగాణ చలికాలంలో అసలు కొరత గది వేడిది కాదు, వేడినీళ్లది. ఉట్నూరు చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకోవాల్సి రావడం ఏటా వార్తే. హనుమకొండ, కాజీపేటల్లో ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, కోచింగ్ సెంటర్ల చుట్టూ అల్లుకున్న ప్రైవేటు హాస్టళ్లు, మెస్‌లు, టిఫిన్ సెంటర్లకు పొద్దంతా మంట కావాలి. వీళ్లకు పెల్లెట్ పొయ్యి, పెల్లెట్ బాయిలర్ నిజంగా పనికొస్తాయి.

రెండు వందల మంది పిల్లలున్న హాస్టల్‌ను తీసుకుందాం. తలకు పదిహేను లీటర్ల గోరువెచ్చని నీళ్లంటే రోజుకు 3,000 లీటర్లు. తొట్టిలో 18 డిగ్రీలున్న నీటిని 40కి తేవాలంటే 66,000 కిలోకేలరీల వేడి కావాలి. కిలోకు 3,800 కిలోకేలరీలిచ్చే పెల్లెట్‌ను, అందులో సగం వేడి నీటికి చేర్చే మామూలు బాయిలర్‌లో వాడితే రోజుకు 35 కిలోలు పడుతుంది. అదే పని కరెంటు గీజర్లతో అయితే 80 యూనిట్ల దాకా, గ్యాస్‌తో అయితే పది కిలోలు. పెల్లెట్ కిలో రూ.12, కరెంటు యూనిట్ రూ.8, కమర్షియల్ గ్యాస్ కిలో రూ.100 అనుకుంటే రోజు ఖర్చు వరసగా రూ.420, రూ.640, రూ.1,000 వస్తుంది. ఈ ధరలు లెక్క కోసం వేసినవే. కమర్షియల్ సిలిండర్ రేటు నెలనెలా ఒకటో తారీఖున మారుతుంది కాబట్టి కొనేరోజు రేట్లు పెట్టి ఎవరికివాళ్లు మళ్లీ వేసుకోవాలి. మారనిది ఆ 35 కిలోలు, 80 యూనిట్లు, పది కిలోల నిష్పత్తి.

ఇక్కడ సోలార్ వాటర్ హీటర్‌ను పక్కనపెట్టి మాట్లాడితే నిజాయితీ అనిపించుకోదు. ఆదిలాబాద్ చలికాలంలో ఆకాశం తేటగా ఉంటుంది, పగలు ఎండ బాగా కాస్తుంది. నలుగురున్న ఇంటికి సోలార్ చాలు, పెల్లెట్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. రెండు వందల మందికి ఒకే గంటలో నీళ్లు కావాల్సిన చోట, వంట కూడా ఆ మంట మీదే సాగాల్సిన చోట మాత్రమే పెల్లెట్ ముందుకొస్తుంది.

వంట విషయంలో గ్యాస్‌తో పోలిక పెట్టేటప్పుడు డీలర్లు ఒక అంకె దాచేస్తారు. గ్యాస్ కిలోకు సుమారు 11,000 కిలోకేలరీలు, పెల్లెట్‌కు 3,800, కాబట్టి మూడు కిలోల పెల్లెట్ కిలో గ్యాస్‌తో సమానం అంటారు. కాగితం మీద నిజమే. కానీ గ్యాస్ పొయ్యి వేడిలో అరవై శాతం గిన్నెకు చేరితే, ఫ్యానున్న పెల్లెట్ పొయ్యిలో చేరేది ముప్పై ఐదు, నలభై శాతం. ఆ తేడా కలిపితే కిలో గ్యాస్ చేసే పనికి నాలుగున్నర నుంచి ఐదు కిలోల పెల్లెట్ కావాలి. పెద్ద బగోనె పెట్టి ఆపకుండా వండే చోట ఈ లెక్క కొంత మెరుగవుతుంది. దోసె పెనం లాగా మంటను మాటిమాటికీ తగ్గించి పెంచే చోట ఇంకా దిగజారుతుంది. అన్నం, పప్పు, సాంబారు పెల్లెట్ మీద, దోసెలు గ్యాస్ మీద పెట్టుకునే మెస్‌కు లాభం ఉంటుంది. పూర్తిగా గ్యాస్ వదిలేయండని చెప్పేవాడి మాట నమ్మకూడదు.

సంచిలో ఏముంది

పొయ్యి ఒకసారి కొంటారు, పెల్లెట్ ఏళ్ల తరబడి కొంటారు. అయినా షాపులో అడిగే ప్రశ్నలన్నీ పొయ్యి గురించే ఉంటాయి. ఇది తలకిందుల బేరం.

ఓరుగల్లు చుట్టూ పెల్లెట్‌కు ముడిసరుకు కొరత లేదు. ఏనుమాముల మార్కెట్‌కు దూది తోలిన తర్వాత చేనుల్లో మిగిలేది పత్తికట్టె. రాష్ట్రంలో పత్తి సాగు నలభై లక్షల ఎకరాలకు పైమాటే. ఎకరాకు టన్ను అటూ ఇటూ కట్టె వస్తుంది. కొంత పొయ్యిలోకి పోతుంది, ఎక్కువ భాగం జనవరి నుంచి మార్చి మధ్య చేనులోనే తగలబడుతుంది. పంట అయిపోగానే కట్టెను పీకేయమని వ్యవసాయ శాఖ ప్రతి ఏడూ చెబుతుంది, ఎందుకంటే గులాబీ రంగు పురుగు నిలబడి ఉన్న కట్టెలో, మిగిలిన కాయల్లో బతికి తర్వాతి పంటకు దిగుతుంది. ఆ కట్టెకు రైతు చేతికి నాలుగు రూపాయలొచ్చే దారి దొరికితే పురుగుకూ పొగకూ ఒకేసారి మందు దొరికినట్టే. పెల్లెట్ గురించి ఆశగా మాట్లాడడానికి అసలు కారణం అది. ఇక పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్ దారుల్లో రైస్ మిల్లులున్నాయి. వడ్ల బరువులో అయిదో వంతు ఊకే. దానిలో చాలా భాగాన్ని ఉప్పుడు బియ్యం ఆడే మిల్లులు తమ బాయిలర్లకే వాడుకుంటాయి.

ఈ రెండు సరుకుల స్వభావం వేరు. పత్తికట్టె కలపలాంటిదే. శుభ్రంగా ఉంటే వేడి బాగా ఇస్తుంది, బూడిద తక్కువ. వేళ్లతో సహా పీకి మట్టి దులపకుండా మరలో వేస్తే ఆ మట్టంతా పెల్లెట్‌లోకే వస్తుంది. ఊక బూడిదలో తొంభై శాతం దాకా సిలికా, అంటే ఇసుక జాతి పదార్థం. పంట వ్యర్థాల్లోని పొటాష్, ఈ సిలికా ఎర్రటి వేడిలో కలిస్తే కరిగి, చల్లారాక గాజుపెంకులాంటి గడ్డ కడతాయి. కొలిమిలో ఇనుప చిట్టెం లాగే ఉంటుంది. పొయ్యి జాలీకి అది పట్టుకుంటే గాలి ఆగి పొగ కమ్ముతుంది. గునపంతో పొడిస్తే జాలీ చిరుగుతుంది. పెల్లెట్ పొయ్యిలు మూలపడడానికి ఈ చిట్టెం పెద్ద కారణం. అమ్మేటప్పుడు దీని గురించి నోరు విప్పే డీలర్ కనిపిస్తే అతని దగ్గర ఇంకో పది నిమిషాలు కూర్చోవచ్చు.

పెల్లెట్ మంచిదా కాదా అన్నది తెలుసుకోవడానికి ల్యాబ్ ఒక్కటే దారి కాదు. సంచి అడుగు చూడాలి. పైన నిగనిగలాడే గింజలుండి అడుగున పొడి రెండు మూడు గుప్పిళ్లకు మించి ఉంటే, అది సరిగా నొక్కనిదో తేమ తాకినదో. వేళ్లతో విరిస్తే టక్కుమని విరగాలి, మెత్తగా నలగకూడదు. నీళ్ల గ్లాసులో వేస్తే మునగాలి. తేలితే సాంద్రత లేనట్టు. అన్నిటికన్నా నమ్మకమైనది బూడిద పరీక్ష: సరిగ్గా కిలో తూచి, పూర్తిగా కాలనిచ్చి, చల్లారాక బూడిదను తూచాలి. అరవై గ్రాములు వస్తే ఆరు శాతం, నూట ఎనభై వస్తే పద్దెనిమిది. బూడిదను చేత్తో నలిపితే గరుకు రాళ్లు తగిలాయంటే మట్టి కలిసింది, లేదా చిట్టెం కట్టడం మొదలైంది. ఈ పరీక్షకు ఒక గంట, ఒక తక్కెడ చాలు. దీన్ని షాపు ముందు చేయనివ్వని చోట కొనాల్సిన అవసరం లేదు.

ల్యాబ్ రిపోర్టు చూపించినప్పుడు రెండు మాటలు వెతకాలి. మొదటిది, ఆ అంకెలు సంచిలో ఉన్న స్థితికి చెప్పినవా, తేమ పూర్తిగా ఆరబెట్టాక చెప్పినవా. ఆరబెట్టి కొలిస్తే ఏ సరుకైనా గొప్పగానే కనిపిస్తుంది. కానీ కొనేవాడు నీటి బరువుకూ డబ్బు కడుతున్నాడు, పైగా ఆ నీరు ఆవిరి కావడానికి కిలోకు 540 కిలోకేలరీలకు పైనే మంటలోంచే పోతుంది. రెండోది తారీఖు. రెండేళ్ల కిందటి రిపోర్టు ఈ వారం లోడ్‌కు సాక్ష్యం కాదు.

ధరను కూడా కిలో మీద కాకుండా వేడి మీద పోల్చాలి. ఒకరు 3,200 కిలోకేలరీల పెల్లెట్ రూ.9కి, ఇంకొకరు 4,100 ది రూ.11కి ఇస్తున్నారనుకుందాం. మొదటిదాంట్లో వెయ్యి కిలోకేలరీలకు రూ.2.81 పడుతుంది, రెండోదాంట్లో రూ.2.68. చవకనుకున్నదే ఖరీదైంది. బూడిద ఎత్తిపోసే మనిషి కూలి, పొయ్యి ఆపి శుభ్రం చేసే సమయం ఇంకా ఇందులో కలపలేదు.

ఊర్జా నేర్పిన సంగతి

పెల్లెట్ పొయ్యికి మన దేశంలో ఒక పాత అనుభవం ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సాంకేతికతతో, బ్రిటన్ చమురు కంపెనీ బీపీ పెట్టుబడితో ఊర్జా అనే చిన్న పొయ్యి 2000ల రెండో సగంలో మార్కెట్‌లోకి వచ్చింది. లోపల బుల్లి ఫ్యాను, దానికి రీచార్జ్ బ్యాటరీ, పంట వ్యర్థాలతో చేసిన పెల్లెట్లు. పొగ చాలా తక్కువ. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో నాలుగు లక్షలకు పైగా ఇళ్లు కొన్నాయి. తర్వాత ముడిసరుకు కోసం ఫ్యాక్టరీ బాయిలర్లు పోటీకి రావడంతో పెల్లెట్ ధర పెరుగుతూ పోయింది, ఊళ్లకు చేర్చే ఖర్చు దానికి తోడైంది. ఇంట్లో వాడేవాళ్లకు అది భారమైంది. ఆ వ్యాపారం చివరకు ఇళ్లను వదిలి హోటళ్లు, క్యాంటీన్ల వైపు మళ్లింది. పెల్లెట్ అందకపోయాక పొయ్యి ఎంత బాగుండి ఏం లాభం? ఆ పొయ్యిలో కట్టె ముక్క వేసి వండుకోవడం కుదరదు.

ఆ పోటీ ఇప్పుడు ఉత్తర తెలంగాణ గుమ్మంలోనే ఉంది. కేంద్ర విద్యుత్ శాఖ నిబంధన ప్రకారం బొగ్గు విద్యుత్ కేంద్రాలు కొంత శాతం బయోమాస్ (పంట వ్యర్థాల) పెల్లెట్లను బొగ్గుతో కలిపి కాల్చాలి. రామగుండంలో ఎన్టీపీసీ, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, జైపూర్‌లో సింగరేణి కేంద్రం, అన్నీ పత్తి చేల పక్కనే ఉన్నాయి. ఒక పెద్ద కేంద్రం టెండర్ పిలిస్తే పెల్లెట్ మిల్లు లారీలు అటే తిరుగుతాయి. నెలకు టన్ను కొనే మెస్ ఓనర్ ఫోన్ ఎత్తేవాడు ఉండడు. రైతుకు ఇది మంచిదే, కట్టెకు ధర వస్తుంది. చిన్న కొనుగోలుదారు మాత్రం తన సరఫరాను ముందే కాగితం మీద కట్టేసుకోవాలి.

డీలర్‌ను తూచడం

కాబట్టి డీలర్‌ను మొదట అడగాల్సింది పెల్లెట్ ఏ మిల్లు నుంచి వస్తుంది, గోదాములో ఇప్పుడు ఎన్ని టన్నులుంది అని. వెళ్లి చూడాలి. సంచులు నేల మీద పేర్చి ఉన్నాయా, చెక్క దిమ్మెల మీద ఉన్నాయా, కప్పు కారుతోందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. పెల్లెట్ నీళ్లు తాగితే ఉబ్బి పొట్టుగా మారుతుంది, మళ్లీ ఎండబెట్టినా గింజ కాదు. జూలై, ఆగస్టుల్లో సరుకు ఇవ్వగలిగినవాడే డీలర్. ఎండాకాలంలో అందరూ ఇస్తారు. ములుగు, తాడ్వాయి వైపు హాస్టళ్లకైతే మేడారం జాతర రోజుల్లో ఆ దారిలో లారీ కదలడమే కష్టం కాబట్టి నెల సరుకు ముందే దింపించుకోవాలి.

రెండో అడుగు, అతని పాత కస్టమర్ దగ్గరికి పోవడం. డీలర్ చెప్పిన పేరు దగ్గరికే కాకుండా, ఆ వంటింట్లోంచే ఇంకొకరి పేరు కనుక్కొని అక్కడికీ వెళ్లాలి. ఓనర్‌ను కాకుండా పొయ్యి దగ్గర నిలబడే వంట మాస్టర్‌ను అడగాలి. ‘‘అన్నా, ఫ్యాను ఎన్నిసార్లు పోయింది? పోయినప్పుడు ఎన్ని రోజులకొచ్చిండ్రు?’’ ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు ఏ బ్రోచర్‌లోనూ దొరకదు. పొయ్యి పక్కన గ్యాస్ బర్నర్ నల్లగా వాడుకలో కనిపిస్తే, పెల్లెట్ పొయ్యి మీద సంచులు పేర్చి ఉంటే, ఇక అడగాల్సిన పనే లేదు.

డెమో అతని షాపులో కాకుండా కొనేవాడి వంటింట్లో, వాళ్ల గంజులో, వాళ్లు రోజూ వండేంత బియ్యంతో జరగాలి. అంటించడానికి పట్టిన సమయం, మొదటి పొంగు వచ్చేసరికి కాలిన పెల్లెట్ బరువు, దింపాక మిగిలిన బూడిద రాసుకోవాలి. డెమోకు డీలర్లు శుద్ధమైన రంపపు పొట్టు పెల్లెట్ తెచ్చి, తర్వాత నెలనెలా ఊక పెల్లెట్ పంపడం జరుగుతుంది. డెమో సంచిలోంచి రెండు కిలోలు పక్కకు తీసి, సీలు వేసి దాచుకుంటే రేపటి గొడవలో అదే సాక్షి.

ఒప్పందం కాగితంలో కొన్ని మాటలు తప్పకుండా ఉండాలి. పెల్లెట్‌కు బూడిద, తేమ, వేడి ఎంతకు మించకూడదో, ఎంతకు తగ్గకూడదో అంకెల్లో. మించితే లోడ్ వెనక్కి తీసుకుంటారని. ఫ్యాను, కంట్రోలర్, మంట గిన్నె విడిగా ధర ఎంతో. ఫిర్యాదు చేసిన ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో. ‘మా పెల్లెట్ వాడకపోతే వారంటీ పోతుంది’ అన్న షరతు కొందరు పెడతారు. అది పూర్తిగా తప్పని చెప్పలేం, చెత్త పెల్లెట్ నిజంగానే పొయ్యిని పాడుచేస్తుంది. కానీ అలా కట్టేసినవాడు ధర పెంపుకూ, సరఫరా ఆగితే బయట కొనుక్కునే హక్కుకూ ఒప్పుకొని సంతకం పెట్టాలి. పొయ్యి ఉచితం, పెల్లెట్ మాత్రం మా దగ్గరే కొనండి అనే బేరంలో పొయ్యి ధర పెల్లెట్‌లో కలిపి ఉంటుంది, దాన్ని ఉచితం అనుకోకూడదు.

బిల్లు లేకుండా ఇస్తే తగ్గుతుందన్న మాటకు లొంగకూడదు. తెలంగాణలో రిజిస్టరైన డీలర్ జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది. ఆ నంబరు ఇంకా నడుస్తోందో లేదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. బిల్లు ఉంటేనే 2019 వినియోగదారుల రక్షణ చట్టం పనికొస్తుంది. వ్యాపారానికి కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదని కొందరు డీలర్లు బెదిరిస్తారు. అయితే స్వయం ఉపాధిగా, పొట్టపోసుకోవడానికి నడుపుకునే చిన్న టిఫిన్ సెంటర్ కోసం కొన్నది ఆ మినహాయింపు కిందికి రాదు, అలాంటివాళ్లు వినియోగదారులే. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంటుంది. కొన్న ఊళ్లోనే కాదు, కొన్నవాడు ఉంటున్న జిల్లాలోనూ వేయొచ్చు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు చేసే ఫోన్‌తోనే కొన్ని తగాదాలు తెగిపోతాయి.

ఇక యంత్రం

ఇన్నీ కుదిరాక పొయ్యి ఎంచుకోవడం కష్టం కాదు. మంట తగిలే గిన్నె దేనితో చేశారన్నది ముఖ్యం. మామూలు ఇనుప రేకు ఆ వేడికి పొరలు పొరలుగా రాలిపోతుంది. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 కొంత మేలు, ఎస్‌ఎస్ 310 ఎర్రటి వేడికి ఇంకా బాగా ఓర్చుకుంటుంది. అయస్కాంతం పెడితే గట్టిగా అతుక్కుంటే అది మామూలు ఇనుమే కావచ్చు. అతుక్కోనంత మాత్రాన మేలు రకమని కాదు, చవక స్టీలులోనూ అతుక్కోనివి ఉన్నాయి. అందుకే గ్రేడును బిల్లు మీద రాయించుకోవాలి. వంట పొయ్యిలకు ఐఎస్ 13152 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఫ్యానున్న పొయ్యికి అది కనీసం 35 శాతం సామర్థ్యం అడుగుతుంది. ఆ పరీక్ష రిపోర్టు ఉందా అని అడగడం కొనేవాడి హక్కు. ఫ్యాను పన్నెండు వోల్టులదైతే కరెంటు పోయినా చిన్న బ్యాటరీ మీద నడుస్తుంది. కోతలుండే మండలాల్లో ఇది తప్పనిసరి. బూడిద తీసే సొరుగును మంట ఆపకుండానే లాగేలా ఉండాలి, లేకపోతే ఊక పెల్లెట్‌తో పూట గడవదు.

పొగగొట్టం ఖర్చును తగ్గించుకోవాలని మాత్రం ఎవరూ చూడకూడదు. పెల్లెట్ మంటలో కంటికి పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మత్తు, తర్వాత లేవలేకపోవడం... తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకున్నవాళ్లు పొద్దున లేవని ఘటనలకు కారణం ఇదే. వంట పెల్లెట్ పొయ్యిని చలికి పడగ్గదిలోకి తెచ్చుకోవడం కుంపటి పెట్టుకోవడంతో సమానం. గది వెచ్చబెట్టే స్టవ్‌లైతే పొగను గొట్టం గుండా బయటికి తోసేలా తయారైనవి. వంట పొయ్యికి ఆ ఏర్పాటు ఉండదు. డీలర్ రెండూ ఒకటేనని చెబితే అక్కడినుంచి లేచి రావడమే మంచిది. బాయిలర్‌ను గది బయట రేకుల షెడ్డులో పెట్టి, గొట్టాన్ని కప్పు మీదికి ఎత్తి, అందులో మసిని నెలకోసారి దులిపించాలి.

కొనే కాలానికీ ఒక లెక్కుంది. పత్తికట్టె పీకేది జనవరి నుంచి మార్చి మధ్య. ఎండలు ముదిరేసరికి అది బాగా ఎండి మిల్లులకు చేరుతుంది, ఏప్రిల్, మే నెలల్లో పెల్లెట్ పొడిగా, ధర అందుబాటులో ఉంటుంది. రోజుకు 35 కిలోలు వాడే హాస్టల్‌కు నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మూడు నెలలకు మూడు టన్నులు దాటుతుంది. నొక్కిన పెల్లెట్ ఘనపు మీటరుకు ఆరు వందల కిలోల పైనే పడుతుంది కాబట్టి, చిన్న గది ఒకటి నేల నుంచి జానెడు ఎత్తు దిమ్మెలు వేసి ఉంచితే వానలు మొదలయ్యేలోపు ఆ చలికాలపు సరుకంతా అందులో పట్టేస్తుంది. పొయ్యి బిగించడం దసరా లోపు అయిపోవాలి. డిసెంబర్‌లో చలి వార్తలు మొదలయ్యాక డీలర్ చెప్పిందే ధర, మెకానిక్ వచ్చిందే రోజు.